ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన వార్త చదవడం ఎలా: ఒక లెక్కల టీచరు పద్ధతి

మా అమ్మాయికి ఎనిమిదేళ్ల ఏడు నెలలప్పుడు, ఒక రాత్రి స్నానం చేసి వచ్చి "అమ్మా, ఇక్కడ గట్టిగా ఉంది, ముట్టుకుంటే నొప్పేస్తోంది" అంది. ఎడమవైపు మాత్రమే. చనుమొన కింద చిన్న గోలీ అంత గట్టిదనం. కుడివైపు ఏమీ లేదు. పైకి "ఏం కాదులే నాన్నా, పడుకో" అన్నానుగానీ, అది నిద్రపోయాక ఫోన్ పట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా కూర్చున్నాను. ఆడపిల్లలు మునుపటికన్నా ముందే పెద్దమనుషులవుతున్నారని ఒక వార్త, అంతా ప్లాస్టిక్ వల్లేనని ఇంకోటి, ఇంత శాతం పెరిగిందని మరోటి. చదివినకొద్దీ టెన్షన్ పెరిగింది. మా పిల్ల సంగతి మాత్రం ఒక్క ముక్క తెలియలేదు.

నేను బడిలో లెక్కలు చెబుతాను, డాక్టర్ని కాను. మా అమ్మాయి ఎదుగుదల, మా అక్క మెనోపాజ్ (నెలసరి ఆగిపోవడం), నా కాళ్లలో వేరికోస్ వీన్స్ (ఉబ్బిన సిరలు), ఈ మూడూ రెండేళ్ల తేడాలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ఆ రెండేళ్లలో పరిశోధన వార్తలు చదివే పద్ధతి ఒకటి నాకు అలవాటైంది. ఇది డాక్టరుకి బదులు కాదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు సరైన మాట అడగడానికి పనికొస్తుంది.

ముందు మీ ప్రశ్న కాగితం మీద పెట్టండి

"పిల్లలు త్వరగా పెద్దవుతున్నారా?" అనేది వార్త రాసినవాళ్ల ప్రశ్న. ఆ రాత్రి నాకు కావాల్సింది వేరు: "ఎనిమిదిన్నరేళ్ల పిల్లకి ఒకవైపు రొమ్ము మొదలైతే చూపించాలా, ఎంత తొందరగా?" ఇలా వయసు, లక్షణం, ఏ వైపు, ఎన్నాళ్లుగా అని రాసుకుంటే వెతకాల్సింది సగం తగ్గిపోతుంది. నా ప్రశ్నకి జవాబు మర్నాడు పది నిమిషాల్లో దొరికింది. ఎనిమిదేళ్లు నిండకముందే ఎదుగుదల లక్షణాలు కనబడితే డాక్టరుకి చూపించాలి. పదమూడేళ్లొచ్చినా రొమ్ములు మొదలవకపోయినా, పదిహేనేళ్లొచ్చినా నెలసరి రాకపోయినా చూపించాలి. ఒకవైపు ముందు మొదలై రెండోవైపు కొన్ని నెలలకి రావడం మామూలే. అయినా మనసు ఒప్పుకోక తీసుకెళ్లాను, వెళ్లినందుకు మంచే జరిగింది. అది కాసేపట్లో చెబుతాను.

వార్త పక్కనపెట్టి అసలు పరిశోధన పేపరు తెరవండి

వార్తలో ఆ పరిశోధన అచ్చయిన పత్రిక పేరో, పరిశోధకుల పేరో ఉంటుంది. అది పట్టుకుని పబ్‌మెడ్‌లో వెతకండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఈ జాబితాని 1997 నుంచి ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. చాలా పేపర్లకి సారాంశం దొరుకుతుంది, కొన్నిటికి మొత్తం పాఠం కూడా ఉంటుంది. ఒకే విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి తూచే కోక్రేన్ సమీక్షల్లో మామూలు భాషలో రాసిన చిన్న సారాంశం కూడా పెడతారు. నాకు బాగా ఉపయోగపడింది అదే.

వెతకడానికి మన మాటల్ని కాస్త విడదీసుకోవాలి. కాళ్లలో "నరాలు ఉబ్బాయి" అంటాం, కానీ అవి రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్లే సిరలు. నరాలని వెతికితే నరాల జబ్బులే వస్తాయి. "పెద్దమనిషి అయింది" అంటే మనకి మొదటి నెలసరి. పరిశోధకులు దాన్ని మెనార్కీ అంటారు. రొమ్ములు మొదలవడం థెలార్కీ. ఈ రెంటికీ మధ్య సాధారణంగా రెండు మూడేళ్లు ఉంటుంది. వార్తలు రెంటినీ ఒకటే చేసి రాసేస్తాయి.

అది ఎంత గందరగోళం చేస్తుందో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ పరిశోధన చూస్తే తెలుస్తుంది. 1991లో మొదలైన అధ్యయనంలో అక్కడి అమ్మాయిలకి సగటున 10.88 ఏళ్లకి రొమ్ములు మొదలయ్యాయి. 2006లో మొదలైన రెండో అధ్యయనంలో 9.86 ఏళ్లకే. అంటే దాదాపు ఏడాది ముందుకి జరిగింది. మొదటి నెలసరి మాత్రం 13.42 నుంచి 13.13కే వచ్చింది, మూడున్నర నెలల తేడా. "ఏడాది ముందే పెద్దమనుషులవుతున్నారు" అని రాస్తే అది తప్పు. నేను భయపడింది ఆ తప్పు వాక్యానికే.

పేపరు తెరవగానే అందరూ ముగింపుకి పరిగెత్తుతారు. మీరు ముందు పద్ధతులు రాసిన భాగం చదవండి. ఎంతమంది, ఏ వయసువాళ్లు, ఎక్కడినుంచి వచ్చారు, ఏం కొలిచారు, ఎలా కొలిచారు అన్నీ అక్కడే ఉంటాయి. తెలియని మాటలుంటే దాటేయండి, ఈ నాలుగైదు దొరికితే చాలు.

ఎలా కొలిచారు?

పిల్లల డాక్టరుగారు మా అమ్మాయిని అడిగి, దాని అనుమతితో రెండు వేళ్లు పెట్టి మెల్లగా నొక్కి చూశారు. తర్వాత నా చెయ్యి తీసుకుని "మీరూ చూడండి" అన్నారు. చనుమొన కింద గుండ్రంగా, బొత్తాంలా, వేలికి అంచు తెలిసేలా ఉంది. "ఇది రొమ్ము కణజాలం. ఒట్టి కొవ్వయితే మెత్తగా ఉంటుంది, అంచు దొరకదు. కొంచెం బొద్దుగా ఉన్న పిల్లల్లో కంటితో చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి" అన్నారావిడ.

ఆ వారమే 1997లో అమెరికాలో వచ్చిన పెద్ద పరిశోధన చదివాను. 17,077 మంది అమ్మాయిల్ని చూశారు. రొమ్ములు మొదలైన సగటు వయసు నల్లజాతి పిల్లల్లో 8.87, తెల్లజాతి పిల్లల్లో 9.96 ఏళ్లని తేలింది. ప్రపంచమంతా ఉలిక్కిపడిన పరిశోధన అది. పద్ధతుల భాగంలో చూస్తే, చాలామంది పిల్లల్ని కంటితో చూసే నిర్ణయించారు, వేలితో పరీక్షించింది తక్కువమందినే. డాక్టరుగారు చూపించిన బొత్తాం నాకు వెంటనే గుర్తొచ్చింది. బొద్దుగా ఉన్న పిల్లల కొవ్వు కొంత లెక్కలో కలిసిపోయి ఉండొచ్చని తర్వాత ఇతర పరిశోధకులూ అన్నారు. కోపెన్‌హాగెన్‌లో మాత్రం వేలితో నొక్కే చూశారు, అందుకే ఆ అంకెల్ని నేను ఎక్కువ నమ్ముతాను. వయసు ముందుకి జరుగుతున్న మాట మటుకు నిజమే. 30 పరిశోధనల్ని కలిపి చూసిన 2020 సమీక్షలో 1977 నుంచి 2013 దాకా పదేళ్లకి సుమారు మూడు నెలల చొప్పున థెలార్కీ ముందుకొచ్చిందని తేలింది. పదేళ్లకి మూడు నెలలు. ఆ రాత్రి ఈ ఒక్క అంకె కనబడి ఉంటే నేను కాస్త నిద్రపోయేదాన్ని.

ఎవరిని లెక్కపెట్టారు?

రెండో కాన్పు తర్వాత నా ఎడమకాలి పిక్క మీద తాడులాంటి సిర ఒకటి పైకి లేచింది. "ఆడవాళ్లకి మామూలేనమ్మా" అని ఎంతమంది అన్నారో. నేనూ అది ఆడవాళ్ల జబ్బే అనుకున్నాను. స్కాట్లండ్‌లో జరిగిన ఎడిన్‌బరా సిరల పరిశోధన చదివాక ఆ నమ్మకం పోయింది.

వాళ్లు ఆసుపత్రికి వచ్చినవాళ్లని లెక్కపెట్టలేదు. డాక్టర్ల దగ్గరున్న జనాభా జాబితాల్లోంచి 18 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లని, జబ్బున్నా లేకపోయినా, ఏ పేరు పడితే ఆ పేరు ఎంచి పిలిచారు. 1,566 మంది వచ్చారు. పెద్ద సిరలు ఉబ్బినవాళ్లు మగవాళ్లలో 40 శాతం, ఆడవాళ్లలో 32 శాతం. క్లినిక్‌లో వరస చూస్తే ఆడవాళ్లే ఎక్కువ కనబడతారు, ఎందుకంటే చూపించుకోవడానికి వచ్చేది వాళ్లే ఎక్కువ. క్లినిక్ లెక్కని ఊరందరి లెక్క అనుకుంటే మగవాళ్ల కాళ్లు మాయమైపోతాయి. ఆడవాళ్లకి "మామూలే" అన్న మాట మిగిలిపోతుంది, ఆ మాటతో వాళ్ల కాలిని సరిగ్గా పరీక్షించకుండా పంపేస్తారు.

నాకు అదే జరిగింది. ఒకచోట పడుకోబెట్టి స్కాన్ చేసి అంతా బాగుందన్నారు. రెండోచోట స్కాన్ చేసే ఆవిడ నన్ను చెక్కమెట్టు మీద నిలబెట్టి, బరువంతా కుడికాలి మీద వేయమన్నారు. ఎడమ తొడ లోపలివైపు చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, రెండోచేత్తో పిక్కని గట్టిగా నొక్కారు. మెషిన్‌లోంచి హుష్‌మని చప్పుడొచ్చింది, రక్తం పైకి వెళ్లింది. చెయ్యి వదలగానే నిశ్శబ్దం రావాలి, ఎందుకంటే సిరలోని కవాటం (వాల్వు) అప్పుడు మూసుకోవాలి. నాకు ఇంకో హుష్ వినబడింది, పొడుగ్గా, ఆగి ఆగి. "ఇదిగో, వెనక్కి జారుతోంది విన్నారా" అన్నారు. పైపైనుండే సిరల్లో రక్తం అర సెకను కన్నా ఎక్కువసేపు వెనక్కి పారితే కవాటం పనిచేయనట్టు లెక్క. పడుకుంటే రక్తం బరువు సిర మీద పడదు కాబట్టి ఆ జారుడు సరిగ్గా బయటపడదు. కాళ్ల సిరల స్కాన్‌కి వెళ్తే "నిలబెట్టి చూస్తారా?" అని ముందే అడగండి.

ఇంకో విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. సాయంత్రానికి ఎక్కువ లాగేది కుడికాలు, సిర ఉబ్బింది ఎడమకాలు. కుడికాలి స్కాన్ శుభ్రంగా ఉంది. అదే ఎడిన్‌బరా బృందం 1999లో రాసిన మరో పేపర్లో దీని జాడ దొరికింది. బరువు, లాగడం, దురద లాంటివి ఆడవాళ్లలో ఉబ్బిన సిరలతో కొంత ముడిపడి ఉన్నాయి, కానీ కాళ్లలో వచ్చే బాధల్లో ఎక్కువ భాగం సిరల వల్ల కాకపోవచ్చని వాళ్లన్నారు. ఆ కాగితం చూపించి అడిగితే డాక్టరుగారు నా కుడిమోకాలు పరీక్ష చేయించారు. లాగుడు అక్కడినుంచి వస్తోంది. ఆపరేషన్ ఎడమకాలికి చేయించుకుని కుడికాలి నొప్పి పోలేదని ఏడ్చే పని తప్పింది.

పోలిక దేనితో పెట్టారు?

కాళ్ల సిరలకి వేసుకునే బిగుతు మేజోళ్ల సంగతికొస్తే, "అవి పనిచేయవని పరిశోధనలో తేలింది" అని స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ చెప్పింది. ఆవిడ విన్నది 2014లో వచ్చిన సాక్స్ అనే పరిశోధన గురించి. చాలా చక్కగా చేశారు: 806 మందిలో సగంమందికి అసలు మేజోళ్లు, సగంమందికి చూడ్డానికి అలాగే ఉండి ఒత్తిడి లేని మేజోళ్లు ఇచ్చి రెండేళ్లు చూశారు. ఫలితం రెండువైపులా దాదాపు ఒకటే. అయితే ఆ 806 మందీ కాలి లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టినవాళ్లు. తర్వాత వచ్చే దీర్ఘకాలపు వాపు, నొప్పిని మేజోళ్లు ఆపుతాయా అన్నదే అక్కడి ప్రశ్న. నాకు గడ్డ లేదు. మామూలు వేరికోస్ వీన్స్‌కి మేజోళ్లొక్కటే చాలునా అన్నదానికి గట్టి ఆధారం లేదని కోక్రేన్ సమీక్ష చెప్పింది. "ఆధారం లేదు" అంటే "పనిచేయవు" అని అర్థం కాదు. నాకు వేసుకుంటే సాయంత్రం వాపు తగ్గుతోంది, వేసుకుంటున్నాను.

శాతం దేనిలో శాతం?

ఇది నేను రోజూ క్లాసులో అడిగే ప్రశ్న. మా అక్కకి 51 ఏళ్లు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటకి దిండు తడిసిపోయేది, నిద్ర లేదు. డాక్టరు హార్మోన్ మాత్రలు రాస్తే, "రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరుగుతుందిట" అన్న మెసేజ్ చూసి చీటీ మడిచి దాచేసింది. "వందమందిలో ఇరవయ్యారుమందికి వస్తుందిటే" అంది నాతో. చదువుకున్న మనిషి. ఆ వాక్యం రాసిన తీరే అలా అనిపించేలా ఉంటుంది.

ఆ అంకె వచ్చింది అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పరిశోధన నుంచి. 16,608 మంది మీద చేసిన ఆ ట్రయల్‌ని (మందు పరీక్షని) 2002 జులైలో మధ్యలోనే ఆపేశారు. అక్క ముందు కాగితం పెట్టి రాశాను: మాత్ర వేసుకోని 10,000 మందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సర్. వేసుకున్న 10,000 మందిలో 38 మందికి. పెరిగింది ఎనిమిది. ముప్ఫైలో ఎనిమిది అంటే ఇరవయ్యారు ఇరవయ్యేడు శాతం. పదివేలలో ఎనిమిది అంటే 0.08 శాతం. రెండూ నిజాలే, మనిషిని భయపెట్టేది మొదటిదే. అదే కాగితం మీద మిగతావీ రాశాను: పక్షవాతం ఎనిమిది ఎక్కువ, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఎనిమిది ఎక్కువ, గుండెజబ్బు ఏడు ఎక్కువ, తుంటి ఎముక విరగడం ఐదు తక్కువ, పెద్దపేగు క్యాన్సర్ ఆరు తక్కువ.

తర్వాత "ఎవరిని లెక్కపెట్టారు" దగ్గరికొచ్చాం. ఆ ట్రయల్‌లో చేరినవాళ్ల సగటు వయసు 63. చాలామందికి నెలసరి ఆగి పదేళ్లు దాటింది. అక్కకి ఆగి ఏడాదిన్నర. పైగా అది రెండు హార్మోన్లు కలిపిన మాత్ర. గర్భసంచి తీసేసినవాళ్లకి వాటిలో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన మరో ట్రయల్‌లో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇవన్నీ చెప్పి నేను "వేసుకో" అనలేదు, ఆ హక్కు నాది కాదు. కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. అక్క రకం, మోతాదు, ఎన్నాళ్లు అన్నవి అడిగి, తనకి గడ్డల చరిత్ర లేదని చెప్పి, మాట్లాడుకుని మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి నిద్ర పట్టింది. ఆ రెండేళ్ల నిద్రలేమి గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎంతమందిలో అన్న ఒక్క హారం రాయకపోవడం వల్ల పోయిన రాత్రులవి.

అసలు ఆడవాళ్లని అడిగారా?

కొన్నిసార్లు పేపర్లో లోపం ఏమీ కనబడదు, అడగాల్సింది అడగకపోవడమే లోపం. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లని మందుల తొలిదశ పరీక్షల్లోకి తీసుకోవద్దంది. 1993 దాకా అదే నడిచింది. నిద్రమాత్ర జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లో మెల్లగా అరుగుతుందని, పొద్దున లేచాక కూడా మత్తు మిగులుతుందని, ఆడవాళ్లకి మోతాదు సగానికి తగ్గించమని ఆ సంస్థ చెప్పింది 2013లో. అప్పటికి ఆ మందు అక్కడ మార్కెట్లోకి వచ్చి ఇరవయ్యేళ్లు. కోవిడ్ టీకా పరీక్షల్లో నెలసరి గురించి అడగలేదు. టీకా తర్వాత తేదీలు తారుమారయ్యాయని ఆడవాళ్లు చెబితే మొదట టెన్షన్ వల్లేనన్నారు. దాదాపు నాలుగు వేలమంది ఫోన్ యాప్‌లో రాసుకున్న తేదీలతో 2022లో వచ్చిన పరిశోధనలో నెలసరి నిజంగానే, సగటున ఒక రోజుకన్నా తక్కువ, ఆలస్యమైందని తేలింది. భయపడాల్సినంత ఏమీ లేదు, వాళ్లు చెప్పిందీ అబద్ధం కాదు. ముందే అడిగి ఉంటే ఆ జవాబు ముందే ఉండేది.

అందుకే మన తేదీలు మనం రాసుకోవాలి. నెలసరి అంటే 28 రోజులని మనందరికీ నేర్పారు. ఆరు లక్షలకి పైగా నెలసరి చక్రాల్ని చూసిన 2019 పరిశోధనలో సగటు 29.3 రోజులు, సరిగ్గా 28 రోజులు వచ్చినవి సుమారు 13 శాతమే. (వీళ్లూ ఒక యాప్ వాడేవాళ్లే, అందరు ఆడవాళ్లూ కాదు. ఇది కూడా రాసుకోండి.)

నోట్‌బుక్, డాక్టరు గది

నా నోట్‌బుక్‌లో ఒక్కో మనిషికి కొన్ని పేజీలు. మొదలైన తేదీ, ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, నొప్పి బడికి వెళ్లనిచ్చిందా లేదా. కాళ్లకైతే పొద్దున, సాయంత్రం చీలమండ చుట్టుకొలత టేపుతో. "బాగా వాచింది" అంటే డాక్టరుకి ఏం అర్థమవుతుంది, "పొద్దుటికీ సాయంత్రానికీ రెండు సెంటీమీటర్లు" అంటే వెంటనే కలం తీస్తారు. పేపరు తీసుకెళ్లాలనిపిస్తే సారాంశం ఉన్న ఒక్క పేజీ చాలు. దాని మీద మూడు ప్రశ్నలు రాయండి: ఇందులోవాళ్లు నాలాంటివాళ్లేనా? నాకు పదివేలలో ఎంత? ఏమీ చేయకుండా ఆగితే ఏమవుతుంది? మూడోది అడగడం చాలామంది మర్చిపోతారు.

చదువుతూ కూర్చోకూడని సందర్భాలు కొన్నున్నాయి. ఒక కాలు ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజే వెళ్లాలి. దానికి తోడు ఆయాసమో ఛాతీనొప్పో ఉంటే అత్యవసరంగా వెళ్లాలి. ఉబ్బిన సిర పగిలి రక్తం కారితే పడుకుని కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి సాయం పిలవాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయేలా రెండు మూడు గంటలు రక్తస్రావమైనా, మెనోపాజ్ తర్వాత ఒక్క చుక్క కనబడినా డాక్టరుకి చూపించాలి.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండు. మొన్న నెలలో తన పేజీలో మొదటి తేదీ పెన్సిల్‌తో తనే రాసుకుంది, పక్కన "నొప్పి కొంచెం, ఆటలకి వెళ్లాను" అని.